పాత దస్తావేజులో హద్దులు కూడా చదవండి

వంశవృక్షం వెతుకుతూ ముత్తాత పేరు దగ్గరే ఆగిపోయిన వాళ్లకి ఒక మాట. ఇంట్లో ఉన్న పాత దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్ట్రేషన్ జరిగిన ఆఫీసు పేరు రాసుకోండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం) మామూలుగా 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకుని నకలు తీసుకోవాలి.

అన్నిటికన్నా విలువైనది భాగపరిష్కార దస్తావేజు, అంటే ఆస్తి పంచుకున్నప్పుడు రాసుకున్నది, అందులో అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరుతో సహా ఒకేచోట దొరుకుతాయి. చాలామంది వదిలేసేది హద్దులు. తూర్పున, పడమర ఎవరి చేను ఉందో చూడండి, మన ఇంటిపేరే కనిపిస్తే అది ఎప్పుడో విడిపోయిన దాయాదుల వాటా అయ్యుండొచ్చు, ఆ పేరు మీద మళ్లీ వెతకండి.

జిల్లా పేరు చూసి కంగారు పడకండి. పశ్చిమ గోదావరి 1925లో విడిగా ఏర్పడింది, కోనసీమ 2022లో వచ్చింది, కాబట్టి అమలాపురం వైపు ఊరైనా, నరసాపురం వైపు ఊరైనా పాత కాగితంలో జిల్లా వేరేగా ఉండొచ్చు. ఊరి పేరు పట్టుకుని వెళ్లండి.

సొంత భూమి లేని కుటుంబమైతే ఊళ్లో వేరేవాళ్ల దస్తావేజుల్లో సాక్షుల సంతకాలు, వేలిముద్రల పక్కన రాసిన పేర్లు తప్పకుండా చూడండి. మీ పెద్దల పేర్లూ అక్కడ ఉండొచ్చు.