సీజర్ హత్య కథను నాణేలతో కూర్చుకోవడం ఎలా?

క్రీ.పూ. 44 మార్చి 15న రోమ్‌లో, పాంపే కట్టించిన సభామందిరంలో జూలియస్ సీజర్‌ను 23 పోట్లు పొడిచి చంపారు. చంపినవాళ్లు ఆ పనిని దాచుకోలేదు సరికదా, నాణెం మీద అచ్చువేసి మరీ చాటుకున్నారు. బొమ్మ వైపు హంతకుల నాయకుల్లో ఒకడైన బ్రూటస్ తల. బొరుసు వైపు రెండు బాకులు, వాటి మధ్య బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునే టోపీ, కింద ‘ఈద్ మార్’ అనే అక్షరాలు. అంటే మార్చి 15. సీజర్ రాజైపోతున్నాడని బాకు దూసిన మనిషి, రెండేళ్లు గడిచేసరికి తన తలనే నాణెం మీదికి ఎక్కించాడు! తర్వాతి కాలపు చరిత్రకారుడు డియో కాసియస్ ఈ నాణేన్ని ప్రత్యేకంగా వర్ణించాడు. ప్రాచీన రచయితలు ఒక నాణెం గురించి ఇలా రాయడం చాలా అరుదు.

రోమన్ నాణేల మీద మోజు పడ్డవాళ్లలో చాలామంది కన్ను ముందు దీనిమీదే పడుతుంది. అక్కడే చిక్కు.

మొదట చేయాల్సింది: బాకుల నాణెం మీద ఆశ వదులుకోండి

ఈ నాణెం వెండివి వంద చుట్టుపక్కల మిగిలాయి. బంగారంలో అయితే వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. 2020లో లండన్ వేలంలో ఒక బంగారు నాణెం 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. తర్వాత దాని పూర్వయజమానుల వివరాలు కల్పితమని తేలింది. 2023లో అమెరికా అధికారులు దాన్ని గ్రీసుకు అప్పగించేశారు. అంత డబ్బు పోసి కొన్నా మిగిలింది అదీ! వెండిది కూడా ఒక ఇల్లు అమ్ముకుంటే గానీ రాదు. ఎవరైనా ఐదారు వేల రూపాయలకు ‘అసలైన బ్రూటస్ నాణెం’ ఇస్తానంటే అది నకిలీ అనడానికి భూతద్దం కూడా అక్కర్లేదు. సేకర్తల కోసం ఇన్ని నకళ్లు తయారైన రోమన్ నాణేలు తక్కువే.

నకలే కావాలంటే, నకలని చెప్పి అమ్మేదాన్ని కొని పెట్టెలో మొదటి గూట్లో పెట్టుకోండి. మిగతా గూళ్లలో మాత్రం అసలువే ఉండాలి.

తర్వాత: కథలో ఎవరెవరు కావాలో తేల్చుకోండి

నా లెక్కలో ఈ సేకరణకు ఐదు నాణేలు చాలు. అన్నీ డెనారియస్‌లే, అంటే చిన్న వెండి నాణేలు. ఒక్కోటి నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, మన లెక్కలో అరకాసు బరువు. వెడల్పు రెండు సెంటీమీటర్లకు అటూఇటూ.

ఒకటి, సీజర్ ఏనుగు నాణెం. క్రీ.పూ. 49లో రూబికాన్ నది దాటి అంతర్యుద్ధానికి దిగినప్పుడు సైనికుల జీతాల కోసం కొట్టించింది. ఏనుగు పామును తొక్కుతున్నట్టు ఉంటుంది, కింద సీజర్ పేరు. ఆ వస్తువు పాము కాదు, శత్రువులు యుద్ధంలో ఊదే బాకా అనేవాళ్లూ ఉన్నారు. లెక్కకు మించి కొట్టించాడు కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. అరిగిపోయినది వందల డాలర్లలో వస్తుంది.

రెండు, బ్రూటస్ కుర్రతనంలో, క్రీ.పూ. 54లో, టంకశాల అధికారిగా వేయించినది. ఒకవైపు స్వేచ్ఛాదేవత లిబర్టాస్, రెండోవైపు రోమ్ నుంచి రాజులను తరిమేశాడని చెప్పుకునే పూర్వీకుడు బ్రూటస్, చుట్టూ కట్టెల మోపులు పట్టిన భటులు. హత్యకు పదేళ్ల ముందే ఆయన మనసులో ఏముందో చదువుకోవచ్చు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హంతకుల్లో డెసిమస్ బ్రూటస్ అని ఇంకొకడున్నాడు, సీజర్‌కు బాగా నమ్మకస్థుడు. ఆ రోజు ఉదయం సీజర్ సభకు రానని మొండికేస్తే, నచ్చజెప్పి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది ఇతనేనని ప్లూటార్క్ రాశాడు. ఇతను క్రీ.పూ. 48లో వేయించిన నాణెం బొమ్మ వైపు విధేయతకు దేవత అయిన పియెటాస్, బొరుసు వైపు కలుపుకున్న రెండు చేతులు! ఈ కథ తెలియనివాడికి అది మామూలు పాత నాణెం. తెలిసినవాడికి ఒళ్లు జలదరిస్తుంది.

నాలుగు, సీజర్ బతికుండగా ఆయన తలతో వచ్చినది. క్రీ.పూ. 44 తొలి నెలల్లో వచ్చిన ఈ నాణేల్లో కొన్నిటిమీద ‘డిక్ట్ పెర్పెటువో’ అని ఉంటుంది, శాశ్వత నియంత అని అర్థం. ఆయన చావుకు పెద్ద కారణం ఆ రెండు మాటలే. దీనికి మాత్రం వేల డాలర్లవుతాయి కాబట్టి దీన్ని చివరికి వాయిదా వేసుకోండి. లేదా తల బాగా కనబడుతూ అంచు తెగినదో, బొరుసు అరిగినదో చూడండి, ధర దిగుతుంది.

ఐదోది కథ ముగింపు. దాని గురించి కింద చెబుతాను.

చదవడం నేర్చుకోండి

లాటిన్ రాకపోయినా ఇబ్బంది లేదు. నాణేల మీద ‘యూ’ ఉండాల్సిన చోట ‘వీ’ చెక్కేవారని, మాటలను సగంలో కత్తిరించేవారని గుర్తుంచుకుంటే చాలు. ‘ఇంప్’ అంటే ఇంపరేటర్, అప్పట్లో గెలిచిన సేనానికిచ్చే బిరుదు. గణతంత్ర కాలపు ప్రతి నాణేనికీ క్రాఫర్డ్ అనే పండితుడు ఇచ్చిన సంఖ్య ఒకటుంటుంది. బాకుల నాణేనిది 508/3, ఏనుగుది 443/1. ఈ సంఖ్యలతో వెతికితే మ్యూజియాల్లోని అసలు నాణేల ఫొటోలు ఉచితంగా చూడవచ్చు. పాత వేలాల ధరలు చూపే వెబ్‌సైట్లూ ఉన్నాయి. కొనేముందు అదే రకానివి కనీసం యాభై చూడండి. కన్ను అలా చూడగా చూడగానే తేరుతుంది.

కొనేటప్పుడు

బరువు ముందు. అర గ్రాము తేడా వస్తే ఎందుకో అడగండి. తక్కువ బరువున్నవాటిలో కొన్ని లోపల రాగి, పైన వెండిరేకు ఉన్నవి. ఆ కాలంలోనే దొంగచాటుగా చేసినవి. అవీ ప్రాచీనమే కానీ ఆ ధర పెట్టకూడదు. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, పైన బుడగల్లాంటి గుంటలు, సబ్బుమీద చెక్కినట్టు మెత్తబడిన అక్షరాలు కనిపిస్తే అది అచ్చులో పోసిన నకిలీ. అసలువి సుత్తితో కొట్టినవి. అందుకే బొమ్మ ఒక పక్కకు జరిగి ఉండటం, అంచు చీలి ఉండటం తప్పు కాదు. మరీ గుండ్రంగా, ముద్దుగా ఉన్నదాన్నే అనుమానించాలి. అచ్చంగా ఒకే చీలిక, ఒకే గీత ఉన్న రెండు నాణేలు కనబడ్డాయా, రెండూ వద్దు.

వేలంలో సుత్తి పడ్డ ధర మీద ఇరవై శాతమో, ఇంకా ఎక్కువో రుసుము పడుతుంది. పైగా తపాలా, కస్టమ్స్. ఈ మొత్తం ముందే లెక్క వేసుకుని, అంతకు ఒక్క డాలరు కూడా దాటనని కాగితం మీద రాసుకోండి. వేలంలో పక్కవాడి పాట వింటే మన బుర్ర మన మాట వినదు.

నాణెం గతంలో ఎవరి దగ్గర, ఏ సంవత్సరం నుంచి ఉందో చెప్పే కాగితాలు అడగండి. పురావస్తువుల దొంగరవాణాను ఆపడానికి చేసుకున్న 1970 యునెస్కో ఒప్పందానికి ముందునుంచీ ఉన్నట్టు తెలిస్తే ఇంకా మేలు. లండన్ బంగారు నాణేన్ని ముంచింది కాగితాలే కదా.

మన దేశంలో వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. సొంతానికి దాచుకోవచ్చు. లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గరే కొనాలి, దేశం బయటికి సొంతంగా పంపకూడదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో కొనుక్కున్న మనవాళ్లు దాన్ని ఇంటికి తెచ్చేముందు ఆలోచించుకోండి. మళ్లీ వెంట తీసుకెళ్లడం అంత తేలిక కాదు.

ఇంటికొచ్చాక

వెండి కుందులు తోమినట్టు చింతపండుతో, విభూతితో తోమకండి! రెండువేల ఏళ్ల నలుపే దానికి అందం, ధర కూడా. అంచులే పట్టుకోండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది కాబట్టి మైలార్ అనే ప్లాస్టిక్ కవర్లు వాడండి. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి. ప్రతి నాణేనికీ చిన్న చీటీ రాసిపెట్టండి: క్రాఫర్డ్ సంఖ్య ఉంటే అది, బరువు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నది.

ఐదో నాణెం

క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధంలో ఓడి, హంతకుల మరో నాయకుడు కాసియస్, బ్రూటస్ ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నారు. అదే ఏడు సీజర్‌ను దేవుడిగా ప్రకటించారు. ఆయన దత్తపుత్రుడు చివరికి అగస్టస్ పేరుతో రోమ్ తొలి చక్రవర్తి అయ్యాడు. అగస్టస్ నాణేల్లో బాగా దొరికేది, కొత్తవాళ్లకు అందుబాటులో ఉండేది, మనవళ్లు గేయస్, లూసియస్ డాళ్లు పట్టుకుని నిలబడ్డ నాణెం. బొమ్మ వైపు ‘దివి ఎఫ్’ అని ఉంటుంది. అంటే ‘దేవుడి కొడుకు’. ఆ దేవుడు, 23 పోట్లు తిన్న సీజరే.

మిరియాలకూ బట్టలకూ బదులుగా ఈ రకం నాణేలు ఓడలెక్కి మన దేశానికి కుప్పలుగా వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, కరీంనగర్ వైపు నస్తుల్లాపూర్‌లో దొరికిన నిధుల్లో అగస్టస్, అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్ వెండి నాణేలున్నాయి. పొలంలో ఇలాంటి లంకెబిందె మీకే తగిలితే మాత్రం సేకరణ మాట మరిచిపోండి. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

కొనేముందు ఒక ఆదివారం మ్యూజియానికి వెళ్లండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేల సేకరణ పెద్దది. ఎక్కడైనా సరే, అగస్టస్ నాణెం కనబడితే అద్దానికి ముక్కు ఆనించి, తల చుట్టూ ఉన్న అక్షరాల్లో ఆ ‘దివి ఎఫ్’ ఎక్కడుందో వెతకండి.