ఇచ్చిన గుర్రం నోట్లో ఏం చూడకూడదు? ఈ ఇంగ్లీషు సామెతను అర్థం చేసుకుని వాడటం ఎలా

'డోంట్ లుక్ ఏ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్'. ఊరికే ఇచ్చినదానికి వంకలు పెట్టకు అని దీని భావం. భావం ఒక్కటే బట్టీపడితే ఎక్కడ వాడాలో తేలదు. గుర్రం కొనేవాడు దాని నోట్లో ఏం వెతుకుతాడో తెలిస్తే ఆ చిక్కు ఉండదు.

1. మొదట పళ్లు చూడండి, గుర్రం వయసు తెలిసేది వాటితోనే. గుర్రానికి పైన ఆరు, కింద ఆరు ముందుపళ్లు ఉంటాయి. పాలపళ్లు ఊడి, రెండున్నరేళ్లకు మధ్య జత, మూడున్నరకు పక్క జత, నాలుగున్నరకు చివరి జత వస్తాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది. మన బండలాగుడు పోటీల్లో ఎడ్లను రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీసేదీ ఇలాంటి లెక్కతోనే.

2. ఆ తర్వాత అరుగుదల చూడాలి. కొరికే అంచు మీద నల్లటి గుంటలుంటాయి. కింది వరుసలో మధ్యవి ఆరేళ్లకు, పక్కవి ఏడేళ్లకు, చివరివి ఎనిమిదేళ్లకు సుమారుగా చెరిగిపోతాయి. పదేళ్లప్పుడు పై వరుస చివరి పంటి మీద, చిగురు దగ్గర, సన్నని గాడి మొదలవుతుంది. అది ఇరవయ్యేళ్లకు పన్ను కొసదాకా దిగుతుంది. ముసలి గుర్రానికి పళ్లు ముందుకు వాలి పొడుగ్గా కనిపిస్తాయి. వయసు మళ్లినవాళ్లను 'లాంగ్ ఇన్ ది టూత్' అనడం ఇందుకే. మోసగాళ్లు అరిగిన పళ్ల మీద గుంటలు చెక్కి, నల్లగా కాల్చి, ముసలిదాన్ని పడుచుదిగా అమ్మేవారు. అందుకే డబ్బు పెట్టేవాడు నోరు తెరిపించి చూడటం న్యాయమే.

3. సామెత పాతదని గుర్తుంచుకోండి. 4వ శతాబ్దం చివర క్రైస్తవ పండితుడు సెయింట్ జెరోమ్ లాటిన్‌లో రాస్తూ, అప్పటికే జనం నోట ఉన్న మాటగా దీన్ని చెప్పాడు. ఇంగ్లీషులో 1546లో జాన్ హేవుడ్ సామెతల సంకలనంలో కనిపిస్తుంది.

4. ఇక వాడకం. మేనమామ తన పాత ల్యాప్‌టాప్ ఇస్తే, బ్యాటరీ నిలవడం లేదని తమ్ముడు సణుగుతున్నాడు. వాడికి ఈ సామెత చెప్పొచ్చు. కొన్న సరుకుకు, చేసిన పనికి రావలసిన జీతానికి మాత్రం ఇది వర్తించదు. అవి ఎవరూ దానం చేసినవి కావు. ఉచితంగా వచ్చిన మందుకైనా గడువు తేదీ చూసుకోవలసిందే.

5. ఇచ్చినవాళ్ల ముందు మాత్రం అనకండి. పళ్లు చూస్తే లోపం బయటపడుతుందన్న అనుమానం ఆ మాటలోనే ఉంది, వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అక్కడ 'థాంక్యూ' చాలు.