రంగిటోటో ఎక్కేవాళ్లకు కొన్ని మాటలు

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవులో నిలబడి చూస్తే, ఎదురుగా ఉన్న అగ్నిపర్వత ద్వీపం రంగిటోటో పెద్ద కొండలా అనిపించదు. ఎత్తు 259 మీటర్లే. నగరం నుంచి పడవలో 25 నిమిషాలు, దిగాక శిఖరానికి గంట నడక. ఈ లెక్కలు చూసుకునే మొదటిసారి మామూలు చెప్పులతో, అర లీటరు నీళ్ల సీసాతో వెళ్లాను. సగం దారిలోనే నీళ్లు అయిపోయాయి. నల్లరాతి పలుకులు చెప్పుల్లోకి దూరి అరికాళ్లు కోసుకుపోయాయి. శిఖరం చూడకుండానే వెనక్కి తిరిగాను. తర్వాత చాలాసార్లు వెళ్లాను, పోయిన వేసవిలో మా నాన్నగారిని కూడా తీసుకువెళ్లాను. నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి. ద్వీపంలో దుకాణం లేదు. తాగునీరు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. కొండ మీద వాగు కూడా కనిపించదు, ఎందుకంటే పడిన వానంతా లావా పగుళ్లలోంచి కిందికి ఇంకిపోతుంది. మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. అక్కడ వేసవి అయిన డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్తే మూడు పట్టుకోండి. సముద్రపు గాలికి ఎండ తెలియదు కానీ నల్లరాయి కింది నుంచి సెగ కొడుతుంది. టోపీ, ఎండ నుంచి చర్మాన్ని కాపాడే లేపనం మరిచిపోవద్దు.

అడుగు మందంగా ఉన్న బూట్లు వేసుకోండి. బయలుదేరే ముందు రాత్రే వాటి అడుగున ఉన్న మట్టినీ గింజలనూ బ్రష్షుతో పూర్తిగా తీసేయండి. సంచి అడుగు కూడా దులిపి చూడండి. ఎలుకలు, ముంగిసలాంటి వేట జంతువులు లేని ద్వీపంగా దీన్ని, పక్కనే ఉన్న మోటుటాపునూ 2011లో ప్రకటించారు. సంచిలో దాక్కున్న ఒక్క ఎలుక చాలు, అక్కడి పక్షులకు మళ్లీ ముప్పు రావడానికి. ఈ పని మాత్రం మొక్కుబడిగా చేయకండి.

పొద్దున మొదటి పడవ ఎక్కండి. మధ్యాహ్నం లావా మైదానాలు దాటడం కష్టం. టికెట్టు తీసుకునేటప్పుడే ఆ రోజు చివరి పడవ ఎన్నింటికో అడిగి ఫోనులో అలారం పెట్టుకోండి. అది సాయంత్రం దాకా ఆగుతుందనుకోవద్దు. అక్కడ రాత్రి ఉండే వసతి లేదు.

దారి మొదట్లో వాలు తక్కువ. ఇరువైపులా చెదిరిన నల్లరాళ్లు, దున్ని వదిలేసిన చేనులా. సుమారు 600 ఏళ్ల కిందట సముద్రంలోంచి పైకి లేచిన నేల ఇది. ఆక్లాండ్ అగ్నిపర్వతాలన్నింటిలోనూ వయసులో చిన్నది. అది పేలినప్పుడు ఎగిసిన బూడిద పడిన మోటుటాపులో మావోరీల, అంటే న్యూజిలాండ్ మూలవాసుల, అడుగుజాడలు దొరికాయి. అంటే అది పేలిన రోజుల్లో మనుషులు పక్కనే ఉన్నారు. ఆ రాళ్ల మధ్య నడిచేటప్పుడు ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇక్కడ తొందరపడకండి. మట్టి లేని రాతి పగుళ్లలో పొహుటుకావా చెట్లు వేళ్లు దించాయి. వాటి ఆకులు రాలి కుళ్లి మట్టి అయ్యాయి, వాటి నీడలో మిగతా మొక్కలు మొలిచాయి. ఒక్క అడుగులో మండే బండ మీది నుంచి చల్లని నీడలోకి వెళ్తాం. ఆ నీడలో మూత్రపిండం ఆకారంలో ఆకులున్న ఒక ఫెర్న్ మొక్క ఉంటుంది. ఎండకు ముడుచుకుని ఎండిపోయినట్టు కనిపిస్తుంది, వాన పడితే పచ్చగా విచ్చుకుంటుంది. మా నాన్నగారు ఎక్కువసేపు ఆగింది దాని దగ్గరే. "ఇంకాసేపు చూద్దామా నాన్నా?" అంటే, "ఇది చచ్చిపోలేదు, వాన కోసం కూర్చుంది" అన్నారు. ఆయనతో గంట దారి గంటన్నర పట్టింది, పర్వాలేదు.

శిఖరం ఇంకా కొంత దూరం ఉందనగా లావా గుహలకు పక్కదారి చీలుతుంది, వెళ్లడానికి పావుగంట. పైపొర చల్లబడి గట్టిపడ్డాక లోపలి లావా ముందుకు పారిపోయి వదిలిన గొట్టాలు అవి. తలకు కట్టుకునే టార్చి తెచ్చుకోండి. ఫోను వెలుతురు చాలదని కాదు, వంగి నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సమయం తక్కువైతే నేను శిఖరం మీది అగ్నిపర్వత బిలం చుట్టూ తిరగడం మానేస్తాను గానీ గుహలు మానను.

చివరి భాగం నిటారుగా ఉంటుంది. పైనుంచి అడవితో నిండిన బిలం, అటువైపు నగరమంతా కనిపిస్తాయి. ఎక్కడా దారి వదిలి రాళ్ల మీదికి వెళ్లకండి, అంచులు చాలా పదును.

తిరుగు పడవకు గంటన్నర ముందే దిగడం మొదలుపెట్టండి. దిగేటప్పుడు మోకాళ్లకు భారం ఎక్కువ, రాతి పలుకులు జారుతాయి. త్వరగా చేరితే రేవు దగ్గర 1920, 30లలో కట్టుకున్న చిన్న సెలవు ఇళ్లను చూడండి. 1937 తర్వాత కొత్తవి కట్టనివ్వలేదు. మిగిలిన నీళ్లు తాగి, బూట్లలోని పలుకులను అక్కడే దులిపి పడవ ఎక్కండి.