ఉర్లగడ్డ తురుము ఉప్మా కాకుండా ఎలా ఆపానంటే

మా కడపలో పొద్దున్నే ఎర్రకారం దోసె తినే ఇల్లు మాది. అక్కడ హ్యాష్ బ్రౌన్స్, అంటే ఉర్లగడ్డ (బంగాళదుంప) తురుమును పెనం మీద కరకరలాడేలా వేయించే అట్లు, చేస్తానని గొప్పగా చెప్పి నవ్వులపాలయ్యాను. ఉర్లగడ్డలు తురిమి అట్లే పెనం మీద వేస్తే బూడిద రంగు ముద్ద తేలింది. "ఏంరా, ఇది ఉప్మానా?" అంది అమ్మ.

తప్పంతా తడిలో ఉంది. రెండోసారి తురుమును నీళ్లు తేటగా వచ్చేదాకా మూడుసార్లు కడిగాను, గంజి పోయింది. తర్వాత పాత నూలు తువ్వాల్లో మూటగట్టి పిండితే, నాలుగు గడ్డలకే అర గ్లాసు నీళ్లు కారాయి! ఆ తడి ఉన్నంతసేపు తురుము ఉడుకుతుందే కానీ వేగదు. ఉప్పు ముందే కలిపితే మళ్లీ నీరు ఊరుతుంది, అందుకే సరిగ్గా పెనం మీద వేసేటప్పుడు చల్లాను.

అమ్మ దోసెల ఇనుప పెనం, రెండు చెంచాల నూనె, మధ్యస్థంగా మంట. పలుచగా పరిచి ఏడెనిమిది నిమిషాలు ముట్టుకోలేదు. చెయ్యి ఊరుకోదు, అదే అసలు కష్టం. అంచులు ఎర్రబడి, అట్లకాడకు గరగరమని తగిలాక తిప్పితే అట్టు మాదిరి ఒక్క ముక్కగా తిరిగింది.

ఫ్రిజ్‌లో పెట్టిన గడ్డలు మాత్రం వద్దు. చల్లదనానికి వాటిలో తీపి పెరిగి, లోపల ఉడక్కముందే పైన నల్లబడతాయి.

అమ్మ ఎర్రకారం పూసుకుని రెండు తినింది.