జిగట రాని కల్చర్: బాసిల్లస్‌లో హైలురోనిక్ యాసిడ్, సమస్య - పరిష్కారం

హైలురోనిక్ యాసిడ్ అంటే చక్కెర అణువుల పొడవాటి గొలుసు, ద్రవానికి జిగట ఇచ్చేది అదే. దాన్ని పరిశ్రమల్లో ఒకప్పుడు కోడిపుంజుల తలమీది తురాయి నుంచి, తర్వాత స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీశారు. ఆ జాతిలో రోగకారకాలున్నాయి. అందుకే గొలుసు అల్లే ఎంజైమ్‌ను తయారుచేసే దాని హస్‌ఏ జన్యువును రోగాలు తేని బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలోకి మార్చారు. 2005లో ఆ పరిశోధన ప్రచురితమైంది. ఈ పనిలో తరచూ ఎదురయ్యే చిక్కులివి.

కణాలు పెరుగుతున్నాయి, కల్చర్ (కణాలు పెరిగే ద్రవం) నీళ్లలాగే ఉంది

అందరూ ముందు హస్‌ఏని అనుమానించి ప్రమోటర్ (జన్యువు ఎంత జోరుగా పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ భాగం) మార్చేస్తారు. నేనైతే ముడిసరుకు చూడమంటాను. గొలుసులోని రెండు చక్కెరలు, అంటే గ్లూకురోనిక్ యాసిడ్, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్, యూడీపీ అనే వాహక అణువును తగిలించుకుని వస్తేనే హస్‌ఏ ఎంజైమ్ వాటిని గొలుసుగా కలుపుతుంది. బాసిల్లస్‌లో యూడీపీ-గ్లూకురోనిక్ యాసిడ్‌కే కొరత. దాన్ని తయారుచేసే ఎంజైమ్‌కు చెందిన బాసిల్లస్ సొంత జన్యువు ట్యూఏడీని కూడా హస్‌ఏతో పాటు గట్టిగా పనిచేయించండి. 2005 పరిశోధనలో దారి చూపింది ఇదే. గొలుసుల బరువు 10 లక్షల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) స్థాయిలో వచ్చింది.

పరీక్షలో దండిగా కనిపిస్తోంది, జిగట మాత్రం లేదు

హైలురోనిక్ యాసిడ్‌ను కొలవడానికి వాడే కార్బజోల్ పరీక్ష, గ్లూకురోనిక్ యాసిడ్ లాంటి యూరోనిక్ యాసిడ్‌లన్నిటికీ రంగు చూపిస్తుంది. ఫాస్ఫేట్ తగ్గితే బాసిల్లస్ తన కణగోడ కోసం టైకురోనిక్ యాసిడ్ చేసుకుంటుంది, అందులోనూ గ్లూకురోనిక్ యాసిడ్ ఉంటుంది. పైగా ట్యూఏడీ అసలు ఆ దారిలోని జన్యువే! కాబట్టి హస్‌ఏ లేని కల్చర్‌నూ పక్కన పెట్టి కొలవండి, మీడియంలో (కణాలకు ఇచ్చే పోషక ద్రవంలో) ఫాస్ఫేట్ సరిచూడండి. హైలురోనిక్ యాసిడ్‌ను కోసే ఎంజైమ్ హైలురోనిడేస్‌కు తెగిందే మీ సరుకు.

గొలుసులు పొట్టిగా వస్తున్నాయి

ఎంజైమ్ ఎక్కువై ముడిసరుకు తక్కువైతే ఒకేసారి చాలా గొలుసులు మొదలవుతాయి, ఏదీ పొడవు సాగదు. హస్‌ఏ జోరు తగ్గించండి. పొట్టివే కావాలంటే జలగ హైలురోనిడేస్ జన్యువును చేర్చి, దాని మోతాదుతో కోతను అదుపు చేయవచ్చు. కోరిన పొడవులో పాలిసాకరైడ్ (చక్కెరల గొలుసు) చేయడానికి నాకు బాగా నచ్చిన మార్గం ఇది.

చిక్కబడగానే ఉత్పత్తి ఆగిపోతోంది

చిక్కటి ద్రవంలో ఆక్సిజన్ సరిగా కలవదు. ట్యూఏడీ ఎంజైమ్ ఒక్కో అణువుకు రెండు ఎన్‌ఏడీలు (ఎలక్ట్రాన్లను మోసే సహాయక అణువులు) వాడుకుంటుంది. ఆక్సిజన్ లేకపోతే అవి తిరిగి సిద్ధం కావు. గ్లూకోజ్ నెమ్మదిగా ఇవ్వండి, గాలిలో ఆక్సిజన్ వాటా పెంచండి. కలిపే వేగం విపరీతంగా పెంచితే గొలుసులే తెగుతాయి.

కొన్ని తరాలకు దిగుబడి పడిపోతోంది

చేర్చిన జన్యువులు ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉంటే, దాన్ని వదిలేసిన కణాలు త్వరగా పెరిగి మిగతావాటిని మించిపోతాయి. యాంటీబయోటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా ప్లాస్మిడ్ మీదే ఉంటుంది కాబట్టి, యాంటీబయోటిక్ ఉన్న ప్లేటు, లేని ప్లేటు పక్కపక్కన పెట్టి కాలనీలు లెక్కపెడితే తెలిసిపోతుంది. జన్యువులను క్రోమోజోమ్‌లోనే చేర్చేయండి.