17/5లో మూడు పోను మిగిలిందెంత?

మా అమ్మాయి హోంవర్క్‌లో 17/5ని మిశ్రమ భిన్నంగా, అంటే పూర్ణాంకం పక్కన భిన్నంగా, మార్చమంటే 3⅔ అని రాసింది. భాగహారం సరిగ్గానే చేసింది: ఐదు మూళ్లు పదిహేను, శేషం 2. ఆ రెండు కింద ఏం రాయాలో తెలియక, చేతిలో ఉన్న 3 పెట్టేసింది. ఆ వయసులో నేనూ అంతే, కాబట్టి కోప్పడే మొహం నాకు లేదు.

పాత నోట్‌బుక్‌లోంచి నాలుగు కాగితాలు చింపి, ఒక్కోదాన్ని ఐదు సమానమైన పట్టీలుగా కత్తిరించాం. మూడు పట్టీలు తీసేస్తే పదిహేడు. "వీటితో నిండు కాగితాలు ఎన్ని పేర్చగలవో చూడు" అన్నాను. మూడు నిండాయి, రెండు పట్టీలు మిగిలాయి. "ఇవి కాగితంలో ఎన్నో వంతు?" అంటే కాసేపు చూసి, "ఐదింట రెండు" అంది. పట్టీ సైజు మారలేదుగా, హారం (కింది అంకె) ఎందుకు మారుతుంది?

పద్ధతి అంతా ఇందులోనే ఉంది. అపక్రమ భిన్నంలో, అంటే పై అంకె కింది అంకె కన్నా చిన్నది కాని భిన్నంలో, లవాన్ని (పై అంకెను) హారంతో భాగించాలి. భాగఫలం పూర్ణాంకం, శేషం కొత్త లవం, హారం పాతదే. 23/4 తీసుకుంటే నాలుగు ఐదులు ఇరవై, శేషం 3. అంటే 5¾. తిరగేసి సరిచూసుకోవచ్చు: 5×4+3=23. 20/5లా శేషం సున్నా వస్తే భిన్నమే ఉండదు, ఉత్త 4.

26/6కి 4 2/6 వస్తుంది. భిన్నాన్ని రెండుతో కొట్టేస్తే 4⅓. 4కీ 2కీ మధ్య కాస్త చోటు వదలండి, లేకపోతే 42/6 అయి కూర్చుంటుంది!

క్యాలిక్యులేటర్‌తో ఒక చిక్కుంది. 17÷5 కొడితే 3.4 చూపిస్తుంది. ఆ 4 శేషం కాదు. 0.4ని 5తో గుణిస్తేనే శేషం 2 వస్తుంది.

నిజానికి మిశ్రమ భిన్నం మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. 7/2ని "మూడున్నర" అంటాం, 9/4ని "రెండుంపావు" అంటాం. పుస్తకంలో చూస్తేనే టెన్షన్.

చివరగా 365/7 ఇచ్చాను. 52 1/7 అని రాసి, ఆ ఒకటి ఏమిటని అడిగింది. వారాలకు సరిపోక మిగిలిన రోజు. అందుకే ఈ ఏడాది మంగళవారం వచ్చిన పుట్టినరోజు మామూలుగా వచ్చే ఏడాది బుధవారం వస్తుంది. "మరి మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే?" అంటూ 366/7 తనే మొదలుపెట్టింది.