పొత్తికడుపులో ఉన్నట్టుండి నొప్పి: అండాశయంలో రక్తస్రావమేమో ఎలా కనిపెట్టాలి, ఏం చేయాలి

మా చెల్లిది ఒడిశాలోని కాశీనగర్. వరి నాట్లప్పుడు ఒక మధ్యాహ్నం నీళ్ల బిందె ఎత్తబోయి, పొత్తికడుపు కుడివైపు పట్టుకుని కూలబడింది. వాళ్ల అత్తగారు వాము నీళ్లు ఇచ్చారు. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ వేసి పంపేశారు. రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి, "అక్కా, కుడి భుజం కూడా లాగుతోంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి" అంది. పర్లాకిమిడిలో 22 ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. భుజం మాట వినగానే నా గుండె జారిపోయింది. కడుపులోకి కారిన రక్తం పైకి చేరి డయాఫ్రమ్‌కు (ఛాతీకి, కడుపుకు మధ్య ఉండే కండర పొరకు) తగిలితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

"ముట్టు ఎప్పుడైంది?" అని అడిగాను. 23 రోజులైందంది.

ఈ లెక్క ఎందుకంటే, నెలనెలా అండం విడుదలయ్యాక అది ఉన్నచోట కార్పస్ ల్యూటియం అనే చిన్న తిత్తి ఏర్పడుతుంది. దాని చుట్టూ సన్నటి రక్తనాళాలు దండిగా ఉంటాయి. ఒకటి చిట్లితే రక్తం తిత్తిలోనే నిండుతుంది. రిపోర్టులో హెమరేజిక్ సిస్ట్ అని రాసేది దీన్నే. తిత్తి పగిలితే రక్తం కడుపులోకి పోతుంది. అందుకే ఈ నొప్పి ఎక్కువగా నెలసరికి ముందు పది రోజుల్లో వస్తుంది. బరువు ఎత్తినప్పుడో, భార్యాభర్తలు కలిసినప్పుడో మొదలవుతుంది. కుడివైపు ఎక్కువ.

మా దగ్గర డ్యూటీ డాక్టర్ ఒడియాలో "మాసిక కెబే హేఇథిలా?" (ముట్టు ఎప్పుడైంది?) అని అడిగితే, పక్కన మామగారున్నారని సిగ్గుపడి మన తెలుగు ఆడవాళ్లు ఊరికే తలూపేస్తారు. దయచేసి అలా చేయకండి. తారీఖు చీటీ మీద రాసి చేతికివ్వండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

మొట్టమొదట చేయాల్సింది మూత్రంతో గర్భ పరీక్ష. ఆశా దీదీ దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినా సరే, పెళ్లికాని పిల్లయినా సరే, ఇది మానకూడదు. గర్భం ట్యూబులో నిలిచి పగిలినా నొప్పి అచ్చం ఇలాగే ఉంటుంది, దాని వైద్యం వేరు. కిట్ కోసం వెతుకుతూ కూర్చోకండి, ఆసుపత్రిలోనూ చేస్తారు.

తర్వాత హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూప్, అల్ట్రాసౌండ్. మొదటి హిమోగ్లోబిన్ బాగుందని ఇంటికి వచ్చేయకండి. రక్తం పోయిన కొత్తలో ఆ అంకె తగ్గదు. నాలుగైదు గంటల తర్వాత మళ్లీ చేయించమని అడగండి. చెల్లికి మొదట 10.4 వచ్చింది, తెల్లవారుజామున 8.1. స్కాన్‌లో తిత్తి లోపల చేపల వలలా సన్నటి గీతలు కనిపించాయి, కడుపులో కొంచెం రక్తం ఉంది. పెళ్లికాని పిల్లలకు మూత్రం బిగబట్టించి పొట్ట పైనుంచే స్కాన్ తీస్తారు, భయం లేదు. అపెండిక్స్, కిడ్నీలో రాయి, అండాశయం మెలిపడటం కూడా ఇలాగే మొదలవుతాయి. మెలిపడితే నొప్పితో పాటు వాంతులు ఎక్కువ. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే అండాశయమే పోవచ్చు.

బీపీ, నాడి నిలకడగా ఉండి, రక్తం ఇక కారకపోతే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. చెల్లికి కూడా అంతే. సెలైన్ పెట్టి, రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉంచి కనిపెట్టుకున్నారు. ఎక్కించే అవసరం రాలేదు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ లాంటివి రక్తాన్ని గడ్డకట్టనివ్వవు, మీ అంతట మీరు వేసుకోవద్దు. బొడ్డు జారిందని పొట్ట తోమించడం మాత్రం అసలు వద్దు.

కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, పొట్ట ఉబ్బినా, నాడి పరిగెత్తినా వెంటనే 108. ఏమీ తినిపించకండి, ఆపరేషన్ కావాల్సి రావచ్చు. చిన్న రంధ్రాలతోనో పొట్ట కోసో రక్తం ఆపుతారు. ఎక్కువసార్లు అండాశయాన్ని కాపాడగలుగుతారు. రక్తనిధి, సర్జన్ లేనిచోట రాత్రంతా ఆగకండి. మాకు బ్రహ్మపురంలో ఎంకేసీజీ పెద్దాసుపత్రి ఉంది, పాతపట్నం దాటితే శ్రీకాకుళం ఉంది. ఏది త్వరగా అందుతుందో అటు వెళ్లండి.

ఇంటికి వచ్చాక కొన్ని వారాలు బిందెలు, బస్తాలు ఎత్తనివ్వకండి. మగవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి, డాక్టర్ సరే అనేదాకా దూరంగా ఉండాలి. తిత్తి 5 సెంటీమీటర్లు దాటితే 6 నుంచి 12 వారాల మధ్య, ఆ నెల ముట్టు రోజులు అయిపోగానే మళ్లీ స్కాన్ తీయించాలి. చెల్లిది 5.6 ఉండేది, ఎనిమిదో వారానికి పూర్తిగా కరిగిపోయింది. ముట్లు ఆగిపోయిన పెద్దవాళ్లలో ఇలాంటి తిత్తి కనిపిస్తే కరిగిపోతుందిలే అని వదలకూడదు, పూర్తి పరీక్షలు కావాలి. గుండె కవాటం ఆపరేషనై రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ఇది మళ్లీ మళ్లీ రావచ్చు. వాళ్లు మాత్రలు సొంతంగా ఆపకుండా ఆ చీటీ వెంట తీసుకెళ్లి, అండం విడుదల కాకుండా ఆపే వైద్యం తమకు పనికొస్తుందేమో డాక్టర్ని అడగాలి.